ఈహెచ్‌ఆర్ పెట్టిన డాక్టరుకి 44,000 డాలర్లు: మా క్లినిక్‌లో ఐదేళ్ళు ఎలా గడిచాయంటే

మా అక్క ఒహాయోలో ఒక చిన్న పట్టణంలో ఇంటర్నల్ మెడిసిన్ డాక్టరు. తనూ, తనకన్నా వయసులో చాలా పెద్దవారైన ఒక అమెరికన్ డాక్టరుగారూ కలిసి నడిపిన క్లినిక్‌కి నేను ఆఫీస్ మేనేజర్ని. ఒక నర్స్ ప్రాక్టీషనర్ (ఇక్కడ డాక్టరులాగే పేషెంట్లను చూసి మందులు రాయగల నర్సు), కొద్దిమంది మెడికల్ అసిస్టెంట్లు, ఫ్రంట్ డెస్క్, బిల్లింగ్, ఇంతే మా బలగం. పేషెంట్లలో ఎక్కువమంది 65 దాటినవాళ్ళు. 2011లో మేము పేపర్ చార్టులు వదిలి ఎలక్ట్రానిక్ హెల్త్ రికార్డుకి, అంటే ఈహెచ్‌ఆర్‌కి మారాం. అందుకు అమెరికా ప్రభుత్వం ఇచ్చిన ప్రోత్సాహకం ఐదేళ్ళూ తీసుకున్నాం. రిజిస్ట్రేషన్ నుంచి ఆడిట్ దాకా కాగితం పని మొత్తం నా చేతి మీదుగా జరిగింది. ఇండియాలో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద 2023లో ఇలాంటి ప్రోత్సాహకమే మొదలైన దగ్గర్నుంచి, నర్సింగ్‌హోమ్‌లు నడిపే మా బంధువులు ఫోన్ చేసి అడుగుతున్నారు, "మీ దగ్గర ఇది ఎలా జరిగింది, డబ్బు నిజంగా వచ్చిందా, పేషెంటుకి ఏమైనా మేలు జరిగిందా" అని. అక్కడి నిబంధనలు వేరు. ఇక్కడ మాకు జరిగింది మాత్రం వివరంగా రాస్తున్నాను.

2009 ఫిబ్రవరి 17న ఒబామా సంతకం చేసిన రికవరీ చట్టంలో హైటెక్ అనే భాగం ఒకటుంది. డాక్టర్లు, హాస్పిటళ్ళు ఈహెచ్‌ఆర్ పెట్టుకుని, దాన్ని ప్రభుత్వం చెప్పిన పద్ధతిలో వాడుతున్నట్టు చూపిస్తే డబ్బు ఇస్తామన్నది దాని సారాంశం. ఆ చెప్పిన పద్ధతికే మీనింగ్‌ఫుల్ యూస్ అని పేరు. డాక్టర్లకు రెండు దారులుండేవి. మెడికేర్ అంటే ముఖ్యంగా 65 దాటినవాళ్ళకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా. ఆ దారిలో 2011లోనో 2012లోనో మొదలుపెడితే ఐదేళ్ళలో గరిష్ఠంగా 44,000 డాలర్లు: మొదటి ఏడాది 18,000, తర్వాత వరసగా 12,000, 8,000, 4,000, 2,000. మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి ఇచ్చే ప్రభుత్వ బీమా) దారిలో ఆరేళ్ళలో 63,750 డాలర్లు. అందులో మొదటి ఏడాదే 21,250 వచ్చేది, పైగా ఆ ఏడాది సాఫ్ట్‌వేర్ కొన్నట్టు రుజువు చూపిస్తే చాలు, వాడకం లెక్కలు అక్కర్లేదు. చూడగానే రెండోదే మేలనిపిస్తుంది. కానీ దానికి అంతకుముందు సంవత్సరంలో ఏదైనా వరస 90 రోజుల్లో కనీసం 30 శాతం పేషెంట్లు మెడికెయిడ్ వాళ్ళై ఉండాలి. మా షెడ్యూలు ఎటు తిప్పి చూసినా ఆ శాతం దరిదాపుల్లోకి రాలేదు. దాంతో మెడికేర్ దారే మిగిలింది.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం, ఈ డబ్బు క్లినిక్‌కి కాదు, ఒక్కో డాక్టరుకి లెక్క. డాక్టరు తన వాటా క్లినిక్ పేరున రాసిచ్చుకోవచ్చు, అది వేరే సంగతి. మా నర్స్ ప్రాక్టీషనర్ రోజూ డాక్టర్లతో సమానంగా పేషెంట్లను చూసేది. మెడికేర్ దారిలో మాత్రం నర్స్ ప్రాక్టీషనర్లకు అర్హత లేదు. ఆమెకీ సాఫ్ట్‌వేర్ లైసెన్సు కొనాలి, ఆమె కూడా నేర్చుకోవాలి, ఆమె వంతు డబ్బు మాత్రం రాదు. నాకు అది అప్పుడూ అన్యాయమే అనిపించింది, ఇప్పుడూ అన్యాయమే అనిపిస్తుంది.

ఇంకో మెలిక, 18,000 అన్నది పైకప్పు మాత్రమే. అసలు లెక్క ఏమిటంటే ఆ ఏడాది డాక్టరుకి మెడికేర్ పార్ట్ బి, అంటే డాక్టరు ఫీజులు కట్టే భాగం, ఆమోదించిన ఛార్జీల్లో 75 శాతం. మనం బిల్లు వేసిన మొత్తం కాదు, వాళ్ళు అలవ్ చేసిన మొత్తం. అంటే పూర్తి 18,000 రావాలంటే అలవ్ చేసిన ఛార్జీలు 24,000 దాటాలి. అక్కకి అది వేసవిలోగానే దాటిపోయింది. మా సీనియర్ డాక్టరుగారు అప్పటికే వారానికి రెండు రోజులే వచ్చేవారు. ఆయనది ఏడాది చివరిదాకా దాటలేదు. అలాంటప్పుడు సంవత్సరం ముగిసి, ఆ ఏడాది క్లెయిములు పంపే గడువు ఫిబ్రవరి ఆఖరున అయిపోయేదాకా ఆగి, అప్పుడు వచ్చిన మొత్తంలో 75 శాతం కట్టిస్తారు. "పక్క గదిలో డాక్టరుకి వచ్చింది, నాకెందుకు రాలేదు" అని ఆయన అడిగినప్పుడు ఈ లెక్క కాగితం మీద వేసి చూపించాను.

ప్రోత్సాహకంతో పాటు కోత కూడా చట్టంలోనే ఉంది. 2015 నాటికి మీనింగ్‌ఫుల్ యూస్ చూపించని డాక్టర్లకు మెడికేర్ చెల్లింపుల్లో 1 శాతం, 2016లో 2, 2017లో 3 శాతం కోత. మా క్లినిక్ ఆదాయంలో సగానికి పైగా మెడికేరే. కాబట్టి మారాలా వద్దా అన్న చర్చ మా దగ్గర ఎక్కువసేపు సాగలేదు. ఎప్పుడు మారాలి అన్నదే మిగిలింది.

2011 జనవరి 3న రిజిస్ట్రేషన్ తెరిచారు. ఎన్‌పీఐ నంబరు (డాక్టరుకి దేశమంతటా ఉండే గుర్తింపు సంఖ్య), మెడికేర్‌లో డాక్టరు వివరాలు తాజాగా ఉండటం, చెల్లింపు ఎవరి ట్యాక్స్ నంబరుకి వెళ్ళాలో చెప్పడం, ఇంతే. సాఫ్ట్‌వేర్ కొనకముందే రిజిస్టరు చేసుకోవచ్చు. అది సులువుగానే అయిపోయింది.

సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడం మాత్రం సులువు కాలేదు. ప్రభుత్వం గుర్తించిన సంస్థలు పరీక్షించి సర్టిఫై చేసిన ఉత్పత్తులకే డబ్బు వచ్చేది. వాటి జాబితా ఆరోగ్య సాఫ్ట్‌వేర్ వ్యవహారాలు చూసే ప్రభుత్వ ఆఫీసు ఓఎన్‌సీ వెబ్‌సైటులో ఉంటుంది. అందులో మనం వాడే ఉత్పత్తిని, దాని వెర్షన్‌తో సహా, ఎంచుకుంటే 15 అక్షరాల సర్టిఫికేషన్ నంబరు ఒకటి వస్తుంది. చివర్లో మన లెక్కలు నిజమని ప్రమాణం చేసే అటెస్టేషన్‌లో అదే ఇవ్వాలి. వెర్షన్ ఒక్క అంకె తేడా వచ్చినా నంబరు మారిపోతుంది. ఆ రోజుల్లో సేల్స్ వాళ్ళందరూ "ప్రోత్సాహకం గ్యారంటీ" అనేవారు. గ్యారంటీ దేనికి అని అడిగితే, మా సాఫ్ట్‌వేర్ సర్టిఫై అయింది అనే దాని అర్థం. అది ఎలాగూ కావాల్సిందే. నిజంగా అడగాల్సినవి వేరే ఉన్నాయి: లెక్కల రిపోర్టులు ధరలో కలిసే వస్తాయా, ల్యాబు ఫలితాలు నేరుగా రావడానికి ఇంటర్‌ఫేస్‌కి విడిగా ఎంత, నిబంధనలు మారితే కొత్త వెర్షన్ ఎవరి ఖర్చు, రేపు మేము వదిలేస్తే మా పేషెంట్ల సమాచారం ఏ రూపంలో తిరిగి ఇస్తారు. చివరి ప్రశ్నకి చాలామంది దగ్గర జవాబు లేదు. జవాబు రాతపూర్వకంగా ఇచ్చిన కంపెనీనే తీసుకున్నాం. ల్యాబు ఇంటర్‌ఫేస్ ఖర్చు మాత్రం మేము ఊహించినదానికన్నా బాగా ఎక్కువైంది.

చిన్న క్లినిక్‌లకు సాయం చేయడానికి అదే చట్టం కింద దేశమంతటా 62 రీజనల్ ఎక్స్‌టెన్షన్ సెంటర్లు పెట్టారు. మా దగ్గరికి వచ్చిన మనిషి ఒక పాత నర్సు. ఆమెకి సాఫ్ట్‌వేర్ కన్నా క్లినిక్ ఎలా నడుస్తుందో బాగా తెలుసు. పేషెంటు తలుపు తీసుకుని లోపలికి వచ్చిన దగ్గర్నుంచి బయటికి వెళ్ళేదాకా ఎవరు ఏ కాగితం ముట్టుకుంటున్నారో మా చేత గోడ మీద రాయించింది. ఇప్పటి కాగితం పని గజిబిజిగా ఉంటే కంప్యూటరు దాన్ని సరిచేయదని ఆమె మొదటిరోజే చెప్పింది. ఇంత చిన్న క్లినిక్‌కి అంత ఓపికగా కూర్చుని సాయం చేసిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఆ 44,000 డాలర్ల గురించి అందరూ మాట్లాడతారు గానీ, హైటెక్ చట్టంలో మాకు బాగా పనికొచ్చింది ఈ సెంటరే.

ఇక పాత చార్టులు. షెల్ఫుల నిండా వేలకొద్దీ ఫైళ్ళు. వాటిని కంప్యూటర్‌లోకి ఎలా ఎక్కించాలన్న దగ్గరే మా క్లినిక్ భవిష్యత్తు నిర్ణయమైందని నేను నమ్ముతాను. సులువైన దారి స్కాన్ చేసి పెట్టేయడం. మాకు తెలిసిన క్లినిక్‌లు చాలా అదే చేశాయి. అలా చేస్తే చార్టు తెర మీద కనిపిస్తుంది, అంతవరకే. అది కాగితానికి తీసిన ఫొటో. అందులో ఏ మందు రాసి ఉందో కంప్యూటరుకి తెలియదు, కాబట్టి వెతకలేదు, లెక్కపెట్టలేదు, ప్రమాదముంటే హెచ్చరించలేదు. అక్క ముందే తేల్చి చెప్పింది. "ప్రతి పేషెంటుకీ మూడు లిస్టులు టైపు చేసి ఎక్కించాల్సిందే. జబ్బులు, మందులు, అలర్జీలు. మిగతాది స్కాన్ చేసినా చేయకపోయినా నాకు ఫరవాలేదు." నిబంధనల ప్రకారం చూసినా ఈ మూడూ 80 శాతం మందికి పైగా, గడుల్లో నింపిన సమాచారంగా ఉండాలి. అక్క మాత్రం శాతం గురించి ఆలోచించలేదు.

ఆ పని వారాల తరబడి సాగింది. రేపు రాబోయే పేషెంట్ల చార్టులు ఈరోజు సాయంత్రం తీసి మెడికల్ అసిస్టెంట్లు టైపు చేసేవాళ్ళు. అనుమానం ఉన్నచోట పసుపు కాగితం అంటించేవాళ్ళు, అక్క పొద్దున్నే వచ్చి అవి చూసేది. ఓవర్‌టైమ్ బాగానే కట్టాం. పేషెంట్లకు ఫోన్ చేసి, ఇంట్లో ఉన్న మందు సీసాలన్నీ ఒక సంచీలో వేసుకుని రమ్మన్నాం. అప్పుడు బయటపడిన సంగతులు చూసి మా అందరికీ గుండెలు దడదడలాడాయి. ఒక పెద్దాయన లిసినోప్రిల్ ఒక సీసాలోంచి, జెస్ట్రిల్ ఇంకో సీసాలోంచి రోజూ వేసుకుంటున్నారు. రెండూ ఒకటే బీపీ మందు, పేర్లే వేరు. ఒకటి మేము రాసింది, ఇంకోటి హాస్పిటల్లో రాసింది. ఆయనకి తరచూ కళ్ళు తిరుగుతున్నాయని మా చార్టులో రాసి ఉంది, కారణం మాత్రం లేదు. సంచీ తెచ్చిన రోజే ఆ కారణం దొరికింది. ఇలాంటివి ఆ నెలల్లో ఇంకా బయటపడ్డాయి.

2011 మార్చిలో సాఫ్ట్‌వేర్ వాడకం మొదలుపెట్టాం. మొదటి రెండు వారాలు షెడ్యూలు సగానికి తగ్గించాం. ఆ ఆదాయం పోవడం కూడా ఖర్చు కిందే రాసుకోవాలి. 18,000 చెక్కు గురించి మాట్లాడేవాళ్ళు దీన్ని కలపరు. అక్కకి టైపింగ్ అలవాటుంది. సీనియర్ డాక్టరుగారు జీవితమంతా టేపులో డిక్టేట్ చేసిన మనిషి. పేషెంటు వైపు చూడకుండా తెర వైపు చూడటం ఆయనకి నిజంగా బాధ కలిగించేది. ఆయన గదిలో కంప్యూటరు బల్లని గోడకి కాకుండా పేషెంటు పక్కకి తిప్పి పెట్టాం, ఇద్దరూ ఒకే తెర చూసేలా. అది పనిచేసింది. తర్వాత అన్ని గదుల్లోనూ అలాగే మార్చాం.

మీనింగ్‌ఫుల్ యూస్ మొదటి దశ అయిన స్టేజ్ 1లో 15 కోర్, అంటే తప్పనిసరి, అంశాలు, ఇంకో 10 మెనూ అంశాల్లోంచి మనకి నచ్చిన 5, వీటితో పాటు నాణ్యతా కొలతలు పంపాలి. మొదటి ఏడాది ఏవైనా వరస 90 రోజుల లెక్క చాలు. అన్నీ ఇక్కడ ఏకరువు పెట్టను. కొన్ని చాలా తేలిక: పొగతాగే అలవాటు గురించి 13 ఏళ్ళు దాటిన పేషెంట్లలో సగం మందికి పైగా నమోదు చేయడం, బీపీ, ఎత్తు, బరువు రాయడం. ఇవి ఎలాగూ చేస్తూనే ఉన్నాం, ఎక్కడ క్లిక్ చేయాలో తెలిస్తే సరిపోయింది. 40 శాతం దాటి ప్రిస్క్రిప్షన్లు ఎలక్ట్రానిక్‌గా పంపడం కూడా ఇబ్బంది కాలేదు, ఎందుకంటే నొప్పి మందుల్లాంటి కంట్రోల్డ్ మందులను ఆ లెక్కలోంచి తీసేస్తారు. సమాచారం ఇంకో చోటికి ఎలక్ట్రానిక్‌గా పంపే పరీక్ష ఒకటి చేయాలి. ఆ పరీక్ష విఫలమైనా చేసినట్టే లెక్క. దీని గురించి చివర్లో మళ్ళీ చెబుతాను.

మమ్మల్ని నిజంగా విసిగించింది క్లినికల్ సమ్మరీ. సగానికి పైగా విజిట్లకు, మూడు పనిదినాల్లోగా, పేషెంటుకి ఆ రోజు విజిట్ సారాంశం ఇవ్వాలి. ఆలోచన మంచిదే. పేషెంటు ఇంటికెళ్ళాక డాక్టరు ఏం చెప్పిందో సగం మర్చిపోతారు. కానీ సాఫ్ట్‌వేర్ ముద్రించే కాగితాలు పేజీలకు పేజీలు, కోడ్‌లతో, చిన్న అక్షరాలతో, పాత ఫలితాలన్నీ కలిపి వచ్చేవి. పార్కింగ్ దగ్గర చెత్తబుట్టలో అవి కనబడుతుంటే అక్క చాలా బాధపడింది. పేషెంటు పేరూ, జబ్బులూ ఉన్న కాగితాలు కదా అవి. చివరికి కంపెనీ వాళ్ళ వెంటపడి టెంప్లేటు మార్పించుకున్నాం. మొదటి పేజీ పైభాగంలో మూడే విషయాలు, పెద్ద అక్షరాల్లో: ఈరోజు ఏ మందు మారింది, ఏ పరీక్ష చేయించుకోవాలి, మళ్ళీ ఎప్పుడు రావాలి. అప్పటినుంచి ఆ కాగితాన్ని మడిచి పర్సులో పెట్టుకుని వెళ్ళేవాళ్ళు.

ఇదే సమయంలో ఈ-ప్రిస్క్రైబింగ్‌కి విడిగా మెడికేర్‌లో ఇంకో కార్యక్రమం నడుస్తోంది. 2011 జూన్ 30లోగా ఒక్కో డాక్టరు పది విజిట్లకు క్లెయిములో జి8553 అనే కోడ్ వేయకపోతే 2012లో 1 శాతం కోత. ఈహెచ్‌ఆర్ మొత్తం వాడుతున్నవాళ్ళు కూడా ఈ కోడ్ విడిగా వేయాలి. ఒకే పనికి రెండు కార్యక్రమాలు, రెండు లెక్కలు. బిల్లింగ్ చూసేది నేనే కాబట్టి నా కంటపడింది. డాక్టరు మీద మాత్రమే వదిలేసిన చోట్ల ఇలాంటివి జారిపోయే ప్రమాదం ఎక్కువ.

ఇప్పుడు అసలు సంగతి. 2011 జూన్ 8న మందుల్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ ఒక హెచ్చరిక ఇచ్చింది. కొలెస్ట్రాల్‌కి వాడే సిమ్వస్టాటిన్ 80 మిల్లీగ్రాముల మోతాదుతో కండరాలు దెబ్బతినే ప్రమాదం ఎక్కువ, కొత్తగా ఎవరికీ మొదలుపెట్టవద్దు, ఏడాదికి పైగా ఇబ్బంది లేకుండా వాడుతున్నవాళ్ళు మాత్రమే కొనసాగించవచ్చు అని. బీపీకి వాడే ఆమ్లోడిపిన్‌తో కలిపి వాడేవాళ్ళకి సిమ్వస్టాటిన్ 20 మిల్లీగ్రాములు మించకూడదని కూడా చెప్పింది. మా పేషెంట్లలో ఈ రెండు మందులూ కలిపి వాడేవాళ్ళు చాలామందే ఉంటారని అందరికీ తెలుసు. ఎవరెవరో ఎలా తెలుస్తుంది? పేపర్ చార్టుల రోజుల్లో అయితే దీనికి జవాబు లేదు. షెల్ఫులన్నీ దింపి ఒక్కొక్క ఫైలూ తిరగేయాలి, లేదా పేషెంటు మళ్ళీ వచ్చినప్పుడు గుర్తుంటే అడగాలి. ఆ రోజు మధ్యాహ్నం భోజనాలయ్యేలోపు లిస్టు మా చేతిలో ఉంది. పేరు, ఫోను నంబరు, మోతాదు, పక్కన ఆమ్లోడిపిన్ ఉందా లేదా. ఆ వారంలోనే అందరికీ ఫోన్లు చేశాం. అక్క ఒక్కొక్కరి మందూ మార్చింది. తొడలు నొప్పులని చెబుతున్నా వయసు వల్లే అనుకుంటూ వచ్చిన ఒకావిడకి మందు మార్చాక నొప్పులు తగ్గాయి.

మూడు లిస్టులు టైపు చేయించినందుకు అక్క ఎంత తిట్లు తిన్నదో నాకు తెలుసు, ఆ తిట్లలో నావీ ఉన్నాయి. ఆ రోజు తర్వాత మా స్టాఫ్‌లో ఎవరూ ఆ పని గురించి మళ్ళీ గొణగలేదు. చార్టులు స్కాన్ చేసి వదిలేసిన చోట ఇలాంటి లిస్టు రాదు. లిస్టు రాకపోయినా వాళ్ళకీ మొదటి 90 రోజుల్లో చూసిన పేషెంట్ల మేరకు నింపితే ప్రోత్సాహకం వచ్చేసేది. డబ్బు ఇద్దరికీ సమానమే, పేషెంటుకి జరిగిన మేలు మాత్రం సమానం కాదు. ఎవరైనా ఈ దారిలోకి వస్తామంటే నేను మొదట చెప్పేది ఇదే.

హెచ్చరికల విషయంలో మాత్రం సాఫ్ట్‌వేర్ మితిమీరింది. మందుకీ మందుకీ పడకపోతే హెచ్చరించడం కోర్ అంశాల్లో ఒకటి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడే మనిషికి బాక్ట్రిమ్ అనే యాంటీబయాటిక్ రాస్తే ఆపాల్సిందే, రక్తస్రావం ప్రమాదం. కానీ అన్నింటికీ అదే ఎర్రటి పెట్టె వస్తుంటే కన్ను దేన్నీ చదవదు. కంపెనీతో మాట్లాడి తీవ్రమైనవి మాత్రమే ఆపేలా, మిగతావి పక్కన చిన్నగా కనిపించేలా చేయించుకున్నాం. పూర్తిగా ఆపేస్తే నిబంధన తప్పినట్టే అవుతుంది.

జులై నుంచి సెప్టెంబరు వరకు మా 90 రోజులు. అక్టోబరులో అటెస్టేషన్. ప్రతి అంశానికీ వచ్చిన అంకెలు నింపి, ఇవి నిజమని ప్రమాణం చేసి సబ్మిట్ కొట్టడమే. ఫైళ్ళేవీ పంపనక్కర్లేదు. వెంటనే ఒప్పుకున్నామని తెర మీద వస్తుంది. అక్క డబ్బు క్లెయిముల డబ్బు వచ్చే బ్యాంకు ఖాతాలోకే డిసెంబరు నాటికి వచ్చింది. దాని మీద ఆదాయపు పన్ను కట్టాలి.

ఇంత తేలిగ్గా అయిపోయిందే అనుకునేవాళ్ళకి ఆడిట్ గురించి చెప్పాలి. 2013లో అక్క పేరున ఉత్తరం వచ్చింది, 2012 సంవత్సరం లెక్కలు చూపించమని. జవాబుకి రెండు వారాల గడువు. ఇందులో భయపెట్టే విషయం ఏమిటంటే, ఇరవై అంశాల్లో ఒక్కటి తప్పినా ఆ ఏడాది డబ్బు మొత్తం వెనక్కి ఇవ్వాలి. పందొమ్మిది సరిగ్గా చేశాం కదా అంటే కుదరదు. ఇంట్లో కొన్నాళ్ళు ఇదే టెన్షన్.

మమ్మల్ని కాపాడింది ఒక లావుపాటి బైండరు. ఎక్స్‌టెన్షన్ సెంటర్ నర్సు మొదట్లోనే పెట్టించింది. సాఫ్ట్‌వేర్ కొన్న ఒప్పందం, ఇన్‌వాయిసు, వెర్షన్ కనిపించే తెర, సర్టిఫికేషన్ నంబరు పేజీ. డాక్టరు పేరూ, తేదీలూ, కంపెనీ లోగో ఉన్న అసలు రిపోర్టు, అటెస్టేషన్ చేసిన రోజున తీసిన ప్రింటు. ఆ రోజుదే ఎందుకంటే, తర్వాత అదే రిపోర్టు మళ్ళీ తీస్తే అంకెలు మారతాయి. ఆలస్యంగా సంతకం పెట్టిన నోట్లు కలుస్తాయి, అప్‌డేట్లలో లెక్క పద్ధతి మారుతుంది. మా దగ్గరా మారాయి. అవును, కాదు అని మాత్రమే చెప్పే అంశాలకి, అంటే హెచ్చరికలు ఆన్‌లో ఉన్నాయా లాంటివాటికి, ఆ వ్యవధిలో తేదీతో సహా తీసిన స్క్రీన్‌షాట్లు. టీకాల వివరాలుండే ఇమ్యునైజేషన్ రిజిస్ట్రీకి పరీక్ష ఫైలు పంపినట్టు అటువైపు నుంచి వచ్చిన ఈమెయిలు. ఈ కాగితాలన్నీ ఆరేళ్ళు దాచాలి.

అన్నింటికన్నా ఎక్కువమంది దొరికిపోయేది సెక్యూరిటీ రిస్క్ అనాలిసిస్ దగ్గర. సాఫ్ట్‌వేర్ కంపెనీ చూసుకుంటుందిలే అనుకుంటారు. అది క్లినిక్ బాధ్యత, ప్రతి ఏడాదీ చేయాలి, తేదీతో రాసి ఉండాలి. మేము రాసుకున్నవి చాలా మామూలు విషయాలు: ల్యాప్‌టాప్ పోతే లోపలి సమాచారం ఎవరైనా చదవగలరా, ఉద్యోగం మానేసినవాళ్ళ పాస్‌వర్డు ఆ రోజే తీసేస్తున్నామా, ఫ్రంట్ డెస్క్ తెర వెయిటింగ్ రూములో కూర్చున్నవాళ్ళకి కనిపిస్తోందా, బ్యాకప్ నుంచి నిజంగా తిరిగి తెచ్చి చూశామా. దొరికిన లోపానికి ఎవరు, ఎప్పటిలోగా సరిచేస్తారో పక్కన రాశాం. ఆడిటరు ఆ కాగితం మీద ఇంకో ప్రశ్న వేసి, జవాబు తీసుకుని, తృప్తిపడ్డారు. కొన్నాళ్ళకి అంతా సరిగా ఉందని ఉత్తరం వచ్చింది.

2013 ఏప్రిల్ నుంచి బడ్జెట్ కోతల వల్ల మెడికేర్ ప్రోత్సాహకంలోనూ 2 శాతం కోసేశారు. కాబట్టి మూడో ఏడాది 8,000 బదులు 7,840, తర్వాత 3,920, చివరికి 1,960. అక్కకి ఐదేళ్ళకీ కలిపి 43,720 డాలర్లు వచ్చాయి. లైసెన్సులు, ఇంటర్‌ఫేసులు, కంప్యూటర్లు, ఓవర్‌టైమ్, తగ్గిన షెడ్యూలు కలిపితే మొదటి రెండేళ్ళ ఖర్చుకి దగ్గరగా సరిపోయింది. ఆ తర్వాత నెలనెలా కట్టే ఫీజు మా జేబులోంచే.

సీనియర్ డాక్టరుగారు 2013 ఆఖరున రిటైరయ్యారు. 2014లో స్టేజ్ 2 వచ్చింది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మా లెక్క. అందులో ఒక నియమం నాకు ఎప్పటికీ మింగుడుపడలేదు. పేషెంట్లలో 5 శాతానికి పైగా మా ఆన్‌లైన్ పేషెంట్ పోర్టల్‌లోకి వెళ్ళి తమ రికార్డు చూడాలి, 5 శాతానికి పైగా డాక్టరుకి పోర్టల్ ద్వారా సందేశం పంపాలి. అంటే డాక్టరుకి వచ్చే డబ్బు పేషెంటు చేసే పని మీద ఆధారపడింది. మా పేషెంట్లు ఎనభై ఏళ్ళవాళ్ళు, చాలామందికి ఈమెయిలే లేదు. వెయిటింగ్ రూములో ఒక కంప్యూటరు పెట్టి, ఒక అసిస్టెంటుని పక్కన కూర్చోబెట్టి, ఇష్టమైనవాళ్ళకి అక్కడే ఖాతా తెరిపించాం. పేషెంటు ఒప్పుకుంటే కొడుకో కూతురో చూసినా లెక్కలోకి వస్తుందని తెలిశాక పని సులువైంది. నిజానికి అదే మంచి ఫలితం కూడా ఇచ్చింది. వేరే రాష్ట్రంలో ఉండే కూతురు తల్లి ల్యాబు ఫలితాలు చూసి, "అమ్మ ఈ మందు మానేసింది, మీకు చెప్పలేదు" అని సందేశం పంపేది. అది మాకు ఫోనులో ఎప్పుడూ అందని సమాచారం. 2015 అక్టోబరులో వచ్చిన నిబంధనలో, రికార్డు చూడాల్సిన ఆ 5 శాతాన్ని ఒక్క పేషెంటుకి తగ్గించేశారు. డాక్టర్లు చెప్పింది విన్నారన్నమాట. మేము మాత్రం వెయిటింగ్ రూములో కంప్యూటరు తీయలేదు.

2017 నుంచి మెడికేర్ డాక్టర్లకు ఇదంతా పని నాణ్యతను బట్టి చెల్లింపులు పెంచే, తగ్గించే మిప్స్ అనే కొత్త విధానంలో ఒక భాగమైపోయింది. పేరు మారింది గానీ రిస్క్ అనాలిసిస్, ఈ-ప్రిస్క్రైబింగ్, బైండరు అలాగే ఉన్నాయి.

ఇందాక వదిలేసిన సంగతి. సమాచారం పంపే పరీక్ష విఫలమైనా చేసినట్టే లెక్క అన్నాను. మొత్తం కార్యక్రమంలో అతి బలహీనమైన చోటు అదే. అందరికీ సాఫ్ట్‌వేర్ కొనుక్కోవడానికి డబ్బిచ్చారు, ఆ సాఫ్ట్‌వేర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం మాత్రం తర్వాతికి వాయిదా వేశారు. మా పేషెంట్లు చేరే హాస్పిటల్లోనూ ఈహెచ్‌ఆర్ ఉంది, వాళ్ళకీ ప్రోత్సాహకం వచ్చింది, అయినా డిశ్చార్జి సమ్మరీ మాకు ఏళ్ళ తరబడి ఫ్యాక్సులోనే వచ్చేది. ఒక కంప్యూటర్లో ఉన్న మందుల లిస్టుని కాగితం మీద ముద్రించి, ఫ్యాక్సు చేసి, మా దగ్గర మళ్ళీ టైపు చేయడం. లిసినోప్రిల్, జెస్ట్రిల్ రెండూ వేసుకున్న పెద్దాయన సమస్య పుట్టింది సరిగ్గా ఈ సందులోనే. 2016లో వచ్చిన క్యూర్స్ చట్టం ప్రకారం, సమాచారాన్ని అడ్డుకోకూడదన్న నియమాలు 2021 ఏప్రిల్ 5 నుంచి అమల్లోకి వచ్చాయి. ఆ తర్వాత మార్పు కనిపించింది. ఇప్పుడు పేషెంటు డిశ్చార్జి అయిన రోజే మందుల లిస్టు చాలావరకు నేరుగా మా రికార్డులోకి వస్తుంది, మా లిస్టు పక్కన పెట్టి తేడాలు చూపిస్తుంది. అక్క రెండింటినీ సరిచూసి, అవసరమైతే పేషెంటుకి ఆ రోజే ఫోన్ చేస్తుంది. వయసు పైబడినవాళ్ళు ఉండే ఇక్కడి కొన్ని నర్సింగ్‌హోమ్‌ల నుంచి ఇంకా ఫ్యాక్సులే వస్తున్నాయి, ఎందుకంటే 2009 చట్టం ప్రోత్సాహకం ఇచ్చినవాళ్ళ జాబితాలో వాళ్ళు అసలు లేరు. ఆ ఫ్యాక్సుల్లోని మందులు మాత్రం మేము 2011లోలాగే టైపు చేసి ఎక్కిస్తున్నాం.